చెరువు కట్ట మీద బార్సిలోనా చేప పెట్టవచ్చా?

చెల్లె, కొత్తగా చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలని నీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. నువ్వు ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నావు. నల్లగొండ జిల్లాలో మీ ఊరి పెద్దచెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్ చేస్తున్నారు. లవ్ గుర్తు పెట్టి పక్కన ఊరి పేరు రాయడం అన్ని ఊళ్ళల్లో అయిపోయింది, వేరేగా ఏదన్నా చెప్పమని పెద్దమనుషులు నిన్ను అడిగారు. నువ్వు స్పెయిన్ దేశంలోని బార్సిలోనా సముద్రపు ఒడ్డున ఉన్న బంగారు రంగు చేప ఫొటో చూపించావు, వాళ్ళకు నచ్చింది. అలాంటి చేప మన కట్ట మీద పెట్టవచ్చా, అసలు ఆ ఊళ్ళో అన్ని వింత కట్టడాలు, శిల్పాలు ఎట్లా కుదిరాయి అని అడుగుతున్నావు.

చేప వద్దు. కానీ ఆ చేప అక్కడికి ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే మీ కట్టకు ఏం కావాలో తేలుతుంది. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నీళ్ళ ట్యాంకులు, చిన్న వంతెనలు, బడి బిల్డింగులు, కూడళ్ళలో విగ్రహాల దిమ్మెలు డిజైన్ చేస్తూ వచ్చాను. పని మీద బార్సిలోనా వెళ్ళినప్పుడు అక్కడి కట్టడాలను ఇంజనీరు కళ్ళతోనే చూశాను, ఆ కళ్ళతోనే చెప్తాను.

ఆ చేపను చేసింది ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్, 1992 ఒలింపిక్స్ కోసం. పొడవు 56 మీటర్లు, ఎత్తు 35 మీటర్లు. ఫొటోలో నిండు బొమ్మలా కనిపిస్తుంది. కిందికి పోయి తలెత్తితే లోపల ఏమీ లేదు. ఉక్కు చట్రం, దాని మీద అటూ ఇటూ అల్లిన స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు, సందుల్లోంచి ఆకాశం. కళ్ళు లేవు, నోరు లేదు. ఎండ ఎక్కేకొద్దీ నేల మీద వల పరిచినట్టు నీడ పడుతుంది, మనుషులు ఆ నీడలో నడుస్తుంటారు. పక్కనున్న హోటల్‌కూ సముద్రానికీ మధ్య ఉన్న దుకాణాల మీద అది ఒక పందిరి. అది చేసే పని అదే. ఆ వంపులను మామూలు డ్రాయింగులతో ఫ్యాక్టరీకి చెప్పడం కుదరక, విమానాల డిజైన్ కోసం ఫ్రాన్సులో దసో కంపెనీ తయారు చేసిన కాటియా అనే సాఫ్ట్‌వేర్‌ను గెహ్రీ ఆఫీసు ఈ చేప కోసం వాడింది. ఆ తర్వాత 1997లో బిల్బావోలో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వంపులు కూడా ఈ దారిలోనే వచ్చాయి. ఇవన్నీ తీసేసి ఆకారం ఒక్కటే ఫైబర్‌తో పోయించి బంగారు రంగు కొడితే నీడా ఉండదు, అల్లికా ఉండదు. మన ఎండకు మూడు నాలుగేళ్ళలో రంగు పొడిపొడిగా రాలుతుంది, కీళ్ళ దగ్గర పగుళ్ళు వస్తాయి.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. ఈ రోజు మనం ఫొటోల్లో చూసే బీచ్ 1980ల్లో లేదు. ఒడ్డు పొడవునా రైలు పట్టాలు, గోదాములు, ఫ్యాక్టరీలు ఉండేవి. ఊరు సముద్రానికి వీపు పెట్టి బతికింది. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం పోయాక 1979లో ఎన్నికైన మునిసిపాలిటీ చేతిలో పెద్ద పనులకు పైసలు లేవు. 1980లో పట్టణ ప్రణాళిక బాధ్యత తీసుకున్న ఆర్కిటెక్ట్ ఓరియోల్ బొహీగాస్ మొత్తం ఊరికి ఒక మహా ప్లాను గీస్తూ కూర్చోకుండా చిన్న చిన్న చౌరస్తాలు, పాడుబడ్డ జాగాలు పట్టుకుని ఒక్కొక్కటీ బాగు చేయించాడు. ఊరి నడిబొడ్డుతో ఆగకుండా శివారు కాలనీల్లోకి కూడా పనులు పోయాయి, చాలాచోట్ల పార్కుతో పాటే శిల్పమూ వచ్చింది. పాత కబేళా జాగాలో పార్కు చేశారు. అందులో కళాకారుడు జువాన్ మీరో చేసిన 22 మీటర్ల స్త్రీ, పక్షి శిల్పం 1983లో నిలబడింది. అదే ఏడాది చివర్లో ఆయన పోయాడు.

మనవాళ్ళు ముఖ్యంగా చూడాల్సింది క్రెవెటా దెల్ కోల్ అనే పార్కు. అది పాత రాతి క్వారీ. రాయి తీసి వదిలేసిన గుంతను 1987లో పార్కు చేసి, నీటి మీద శిల్పి ఎదువార్దో చియ్యీదా చేసిన 54 టన్నుల కాంక్రీటు శిల్పాన్ని ఉక్కు తాళ్ళతో వేలాడదీశారు. మన రెండు జిల్లాల్లో వదిలేసిన క్వారీ గుంతలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. వానాకాలం వాటిలో నీళ్ళు నిలిచి, పిల్లలు ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. కంచె, మెట్లు, లోతు తక్కువ చేసిన ఒక అంచు, కూర్చునే చోటు ఇస్తే అందులో ఒక్కటైనా ఊరికి పనికొస్తుంది. మీ ఊరి కట్టకు సంబంధం లేని మాట ఇది, అయినా నీ ఫైనల్ ఇయర్ థీసిస్‌కు ఇంతకన్నా మంచి సబ్జెక్టు నాకు తట్టడం లేదు.

బార్సిలోనాలో చేసిన ఈ పనులకే 1990లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పట్టణ రూపకల్పన బహుమతి ఇచ్చింది. ఒలింపిక్స్ ఇంకా రాలేదు అప్పటికి. ఒలింపిక్స్ నాటికి ఒడ్డున ఉన్న పట్టాలు తొలగించారు, ఒడ్డు వెంట వచ్చే రింగురోడ్డును చాలాచోట్ల నేలమట్టం కంటే కిందికి దించారు, ఇసుక పోసి బీచ్‌లు చేశారు. 1999లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఏటా ఒక ఆర్కిటెక్టుకు ఇచ్చే బంగారు పతకాన్ని బార్సిలోనా ఊరికే ఇచ్చింది, ఒక ఊరికి ఇవ్వడం అదే మొదలు. ముందు జాగా మనుషులకు దక్కింది, శిల్పం ఆ జాగాతో కలిసి వచ్చింది. మన దగ్గర ముందు విగ్రహం ఆర్డరు ఇస్తాం, అది ఎక్కడ పెట్టాలన్నది ట్రక్కు వచ్చాక ఆలోచిస్తాం. నాకు బాధ కలిగించేది ఇదే.

చేప కంటే నీకు పనికొచ్చే ఉదాహరణ ఇంకొకటి ఉంది, టూరిస్టులు పెద్దగా పట్టించుకోరు. ఒలింపిక్ విలేజ్‌లో ఇకారియా అవెన్యూ అనే రోడ్డు. రోడ్డు నడుమ చెట్లు పెడదామంటే కింద పెద్ద మురుగు కాలువ పోతున్నది, వేర్లకు చోటు లేదు. అందుకని ఎన్రిక్ మిరాయెస్ అనే ఆర్కిటెక్ట్ చెట్లకు బదులు పందిళ్ళు నిలబెట్టాడు. వంకరటింకర ఉక్కు స్తంభాలు, పైన ఒక్కోవైపు వాలిన చెక్క పలకలు. మొదటిసారి చూస్తే గాలివానకు విరిగిపడ్డవేమో అనిపిస్తుంది. కాసేపు చూస్తే అన్నీ ఒక ఊరేగింపులో నడుస్తున్నట్టు, ఒక్కో స్తంభానికి ఒక్కో వాలు ఉందని తెలుస్తుంది. ఆ వింత ఆకారం వెనక ఉన్నది ఒక ఇబ్బంది: చెట్టు పెట్టలేం, నీడ కావాలి.

మీ కట్టకూ ఇదే ఇబ్బంది. చెరువు కట్ట మట్టి కట్ట. దాని మీద పెద్ద చెట్లు పెంచితే వేర్లు లోపలికి పోతాయి, చెట్టు చచ్చాక ఆ వేర్లు కుళ్ళి సొరంగాలవుతాయి, అక్కడి నుంచి నీళ్ళు ఊరుతాయి. కట్టలు తెగడానికి ఇదొక కారణం. పునాదుల కోసం ఇష్టం వచ్చినచోట గుంతలు తవ్వినా అదే ప్రమాదం. పేపర్లలో రంగురంగుల డ్రాయింగులు వేసేవాళ్ళు కట్ట మధ్యలో 3 మీటర్ల లోతు పునాది చూపిస్తుంటారు. ఏ ఇంజనీరూ దాని మీద సంతకం పెట్టకూడదు. చెట్టూ వద్దు, లోతు పునాదీ వద్దు అన్నప్పుడు తేలికైన పందిరే మిగులుతుంది. మీ శిల్పం అక్కడి నుంచి మొదలు కావాలి.

రెబెక్కా హార్న్ అనే శిల్పి చేసిన శిల్పం గురించి కూడా ఒక మాట. బార్సెలొనెటా బీచ్‌లో ఇసుక మీద ఉక్కూ గాజూ కలిసిన నాలుగు పెట్టెలు, ఒకదాని మీద ఒకటి కుదురు లేకుండా పేర్చినట్టు ఉంటాయి. 1992లో పెట్టారు. ఒలింపిక్స్ కోసం బీచ్ శుభ్రం చేస్తామని అంతకు ముందు అక్కడున్న చిన్న తిండి హోటళ్ళను తీసేశారు. ఆ గుడిసె హోటళ్ళ జ్ఞాపకం ఈ పెట్టెలు. బాగుచేయడంలో చోటు పోగొట్టుకున్నవాళ్ళను కూడా ఆ ఊరు లెక్కలోకి తీసుకుంది. మీ కట్ట కింద మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళు, చేపలు అమ్మే ముదిరాజు అక్కలు, బట్టలు ఉతికే రేవు ఉంటాయి కదా. డ్రాయింగులో వాళ్ళకు చోటు ముందు గీయి, గ్రిల్ గేటు తర్వాత గీయి.

సాంతా కాతరీనా మార్కెట్ కప్పు చూసే ఉంటావు. మిరాయెస్, ఆయన భార్య బెనెదెత్తా తల్యాబుయె కలిసి డిజైన్ చేశారు. మిరాయెస్ 2000లో చనిపోయాక ఆమె పూర్తి చేసి 2005లో తెరిచారు. పాత మార్కెట్ గోడలు మూడు వైపుల అట్లాగే ఉంచి, పైన అలలు అలలుగా లేచే చెక్క కప్పు, దాని మీద ఆరు మూలల పింగాణీ టైల్సు 3,25,000, రంగులు 67. కింది నుంచి చూస్తే ఆ రంగులు అసలు కనిపించవు. చుట్టూ ఉన్న నాలుగైదు అంతస్తుల ఇళ్ళ బాల్కనీల్లో నిలబడ్డవాళ్ళకు కూరగాయల బుట్టలు పరిచినట్టు కనిపించాలని చేశారు. ఎవరు ఎక్కడి నుంచి చూస్తారో లెక్కేసుకుని వేసిన కప్పు అది. మీ కట్టను ఎవరు ఎక్కడి నుంచి చూస్తారు? బస్సులో పోయేవాళ్ళు అలుగు దగ్గర మలుపులో చూస్తారు. పొలానికి పోయేవాళ్ళు కింది నుంచి చూస్తారు. బతుకమ్మ నాడు ఆడవాళ్ళు నీళ్ళ వైపు నుంచి చూస్తారు. మూడు చూపులు, మూడు వేరు వేరు బొమ్మలు గీసుకో.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జాన్ నువెల్ కట్టిన గ్లోరియెస్ టవర్, 2005, 144 మీటర్లు. రాత్రి లైట్ల కోసం అందరూ ఫొటో తీస్తారు గానీ నాకు నచ్చింది బయటి గాజు రెక్కలు, వేడిని బట్టి తెరుచుకుని మూసుకుంటాయి. పోబ్లెనో ప్రాంతంలోని మీడియా-టిక్ భవనం గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లతో ఎండను ఆపుతుంది. రాయ్ లిక్టెన్‌స్టయిన్ 1992లో చేసిన తల శిల్పం ఓడరేవు దగ్గర ఉంది, దూరం నుంచే బాగుంటుంది.

విఫలమైన ఉదాహరణ కూడా నీకు తెలియాలి, ఎందుకంటే మన దగ్గర పగిలిన టైల్సు అతికించే పని బాగా వ్యాపిస్తున్నది. పగిలిన టైల్సుతో వంపుల మీద అతికించే ఆ పనిని అక్కడ త్రెంకదీస్ అంటారు. బార్సిలోనా ఆర్కిటెక్ట్ గౌదీ అక్కడి పార్క్ గ్వెల్‌లో దానికి పేరు తెచ్చాడు. అదే తీరంలో ఉన్న వాలెన్సియాలో సాంతియాగో కలత్రావా కట్టిన సంగీత నాటక భవనాన్ని 2005లో ప్రారంభించారు. ఉక్కు పెంకు మీద తెల్లటి టైల్సు ముక్కలు అతికించారు. కొన్నేళ్ళకు ఉపరితలం ముడతలు పడింది, 2013 డిసెంబరు చివర గాలికి ముక్కలు ఊడిపడ్డాయి. జనాన్ని రానివ్వకుండా మూసి, ఆ టైల్సు మొత్తం తీసేసి కొత్తగా అతికించాల్సి వచ్చింది. గౌదీ టైల్సు అతికించింది రాతి కట్టుబడి మీద, ఇక్కడ ఉక్కు మీద. ఉక్కూ టైలూ ఎండకు ఒకే తీరున సాగవు.

ఆ లెక్క మన నల్లగొండకు వేద్దాం. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న లోహం 65 డిగ్రీలు సులువుగా దాటుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15కు దిగుతుంది. 50 డిగ్రీల తేడా. 10 మీటర్ల ఉక్కు పట్టీ ఆ తేడాకు దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. టైలు దాంట్లో సగమే. మిగతా 3 మిల్లీమీటర్లను జిగురు మోయాలి, ప్రతి ఏడాదీ. ఎక్కడో ఒకచోట వదిలేస్తుంది. అతికించిన టైల్సు బాగున్నాయో లేదో చూడాలంటే ల్యాబు అక్కర్లేదు, రూపాయి బిళ్ళతో తట్టు. పట్టి ఉన్నచోట గట్టిగా, కురచగా మోగుతుంది. వదిలినచోట డొల్లగా మోగుతుంది. నేను ఏ కూడలి దిమ్మె చూసినా ముందు పడమర వైపు తడతాను. సాయంత్రం ఎండ తగిలే ఆ ముఖమే ముందుగా డొల్ల పోతుంది.

సముద్రపు ఊరికి ఉప్పు గాలి శత్రువు. అందుకే అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్లో మాలిబ్డినం కలిసిన 316 రకం వాడతారు. మనకు ఆ ఖర్చు అనవసరం, 304 చాలు. మన శత్రువులు వేరే: ఎండ, దుమ్ము, బోరు నీళ్ళు. బోరు నీళ్ళతో ఫౌంటెను పెడితే కొన్ని నెలల్లోనే టైల్సు మీద తెల్లటి పొలుసు కడుతుంది, నాజిళ్ళు పూడుకుపోతాయి. నల్లగొండ నీళ్ళ సంగతి లోకానికే తెలుసు, ఫౌంటెను మాట ఎత్తకు. ఇనుప బెంచీలూ వద్దు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాటి మీద ఎవరూ కూర్చోలేరు.

సముద్రపు ఊళ్ళో ఆకారం సముద్రంలోంచి రావడం న్యాయం. మనకు దగ్గరి విశాఖలోనే చూడు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసురా జలాంతర్గామిని ఆర్కే బీచ్ ఇసుక మీదికి లాగి 2002లో మ్యూజియంగా తెరిచారు. 91 మీటర్ల ఆ నల్లటి ఆకారాన్ని ఏ శిల్పీ గీయలేదు. అయినా ఆ ఒడ్డున దాన్ని మించిన శిల్పం లేదు, ఎందుకంటే ఆ ఊరి బతుకులోంచే వచ్చింది. మరి మన బతుకులోంచి వచ్చేదేమిటి? రాయి, చెరువు, నీడ.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి నువ్వు చిన్నప్పుడు పోయే ఉంటావు. ఈసారి కొలతల టేపు పట్టుకుని పో. పగలంతా గర్భగుడిలో స్తంభం నీడ నిలిచి ఉంటుంది. గుడి ముందు స్తంభాలను, వెలుగు వచ్చే దారులను ఎట్లా అమర్చారో గీసుకో. నీడను కట్టడంలో భాగం చేసిన పని వందల ఏళ్ళ కిందట మన జిల్లాలోనే జరిగింది, పక్కనే ఉదయసముద్రం చెరువు. ఆలంపురం కూడా పో. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్లో మునిగిపోతుందని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ పేర్చారు. రాతి పనికి ఉన్న గొప్ప అది: విప్పవచ్చు, మార్చవచ్చు, ఒక్క రాయి విరిగితే ఒక్క రాయే మార్చవచ్చు. ఫైబర్ చేపకు తోక విరిగితే చేసిన కంపెనీని వెతుక్కోవాలి, మీ ఊళ్ళో వడ్డెర మేస్త్రీ ఉన్నంతకాలం రాతికి ఆ బాధ లేదు. ఇంకో సంగతి, దేశంలో ఎన్నో డ్యాములూ మేడలూ కట్టింది పాలమూరు కూలీలే. వాళ్ళ చేతి పని వాళ్ళ సొంత ఊరి కట్ట మీద కనిపించాలని నాకు చాలా కోరిక.

నా సూచన ఇది, నచ్చితే తీసుకో. పొలాల కంచెకు పాతే రాతి కడీలు తెలుసు కదా, వాటినే స్తంభాలుగా పెట్టి పందిరి వేయి. అన్నీ ఒకే ఎత్తు వద్దు. కట్ట వంపును అనుసరించి ఎత్తులు మారుతూ పోనీ. పునాది లోతుగా కాకుండా, కట్ట పైభాగాన పలుచటి కాంక్రీటు పట్టీ వేసి దానికి బిగించు. పైకప్పుకు రాతి బండ వేయకు, రాయి వంగుడును తట్టుకోదు, బరువు కూడా కట్టకు మంచిది కాదు. సన్నటి ఉక్కు పట్టీలు ఒక చివర బిగించి, రెండో చివర జరిగేటట్టు వదులు. పట్టీల ఎడం ఎంత ఉండాలో కాగితం మీద కాకుండా, ఒక మధ్యాహ్నం వెదురు కట్టెలతో నమూనా కట్టి నీడ చూసి తేల్చు. చెరువు లోపలి వైపు మెట్ల మీద కూడా వరసగా కడీలు పాతితే, వానాకాలం మునిగి ఎండాకాలం ఒక్కొక్కటీ బయటపడతాయి. పూర్తి నీటిమట్టం గీత ఒక కడీ మీద చెక్కించు. బడి పిల్లలు కూడా చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో చదువుకోగలుగుతారు.

కొన్ని జాగ్రత్తలు. తూము మీద, అలుగు దగ్గర ఏమీ కట్టవద్దు, అలుగు పారే దారిలో ఒక్క దిమ్మె కూడా ఉండకూడదు. కట్ట మైసమ్మ గుడి ఎదురుగా ఖాళీ ఉంచు. బోనాలు వచ్చే దారి, బతుకమ్మలు దించే మెట్లు, నిమజ్జనం క్రేన్ నిలబడే జాగా ముందే గుర్తు పెట్టించు. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే కాలు నేల మీద పెట్టి చూపిస్తారు. నీటిపారుదల శాఖ ఏఈ గారి అనుమతి రాతపూర్వకంగా రావాలి. పని మార్చిలో మొదలుపెట్టి వానలకు ముందే మెట్లు పూర్తి చేయించాలి, ఆలస్యమైతే లోపలి వైపు పని ఏడాది ఆగుతుంది.

కట్ట పొడవు, పై వెడల్పు, రెండు వైపుల వాలు, తూము, అలుగు ఎక్కడున్నాయో ఒక స్కెచ్చు గీసి పెట్టు. కట్ట మట్టి నల్లరేగడో ఎర్రమట్టో కూడా రాయి, దాన్ని బట్టి కాంక్రీటు పట్టీ మందం మారుతుంది. అవి చూసి సలాకుల సైజులు, ఎడం లెక్కేసి చెప్తాను.